రెక్కల కారు ఎడమ దీపం

బాన్సువాడ పెట్రోలు బంకులో నా పేరు చెప్పి చూడండి. పంపు దగ్గర నిలబడ్డ మనిషి ముందు నవ్వుతాడు. తర్వాత "ఏదీ, జర మీ బొటనేలు సూపెట్టున్రి" అంటాడు. మీరు నాకు చుట్టాలని తెలిసిందంటే పెట్రోలు పోసినంతసేపూ మీ మీద ఒక కన్నేసి ఉంచుతాడు. ఎందుకంటే కొన్నేళ్ల కిందట దసరా పండుగ నాడు, పట్టపగలు, సగం ఊరు చూస్తుండగా నేనక్కడ ఒక ఘనకార్యం బయటపెట్టుకున్నాను. ఆ దెబ్బకు ఒక అమెరికా కారు పరువు, ఒక పెద్దమనిషి పరువు, నా పెళ్లి, మూడూ ఒకేచోట ఇరుక్కుపోయాయి. ఇరుక్కుపోవడమంటే ఏదో మాటవరసకు అంటున్నానని అనుకోకండి. నిజంగానే ఇరుక్కున్నాయి.

ముందు నా సంగతి చెబుతాను. సొంతూరు పిట్లం. బాన్సువాడ బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని, ఒక చిన్న తెల్ల కారు పెట్టుకుని డ్రైవింగ్ స్కూలు నడుపుతుండేవాడిని. ఇప్పటికీ నడుపుతున్నాను. ఆ దసరా తర్వాత కూడా నా దగ్గరికి నేర్చుకోవడానికి వస్తున్నారంటే ఆ జనం ధైర్యానికి దండం పెట్టాలి. కోస్తా నుంచి వచ్చి కోటగిరి వైపు స్థిరపడ్డ రైతుల బిడ్డలు కోస్తా యాసలో భయపడేవాళ్లు, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న జుక్కల్ నుంచి వచ్చేవాళ్లు సగం మరాఠీలో భయపడేవాళ్లు. కారు కదిలిందంటే మాత్రం అందరిదీ ఒకే భాష: "అన్నా, బ్రేకు! బ్రేకు!" వాళ్లందరి భయం చూసి చూసి నాకు పొగరు తలకెక్కింది. నాకు తెలియని బండి ఈ భూమ్మీద లేదని టీకొట్టు దగ్గర బల్ల గుద్ది చెప్పేవాడిని. వినేవాళ్లకు వేరే పని లేక నమ్మేవాళ్లు.

అలాంటి రోజుల్లో సునీత నేర్చుకోవడానికి వచ్చింది. మండలాఫీసులో ఉద్యోగం. మిగతావాళ్లకు నెలలో ముగిసే కోర్సు ఆమెకు ఎండాకాలమంతా పట్టింది. ఆమెకు రాక కాదు. రెండో వారానికే నాకంటే శుభ్రంగా రివర్సు తీసేది. ఆ సంగతి ఒప్పుకోవడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. వానలు మొదలయ్యేసరికి పెళ్లి చేసుకుందామన్న మాట దాకా వచ్చాం. అడ్డు వచ్చింది కులమో కట్నమో అనుకునేరు. అవేవీ కాదు, ఒక కారు అడ్డు వచ్చింది.

సునీత నాన్న రాజమల్లు గారు బస్సు డిపోలో మెకానిక్కులకు పైఅధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. పెద్ద మీసం, చిన్న మాట. ఆయన గట్టిగా దగ్గితే పక్క వీధిలో ఆటోవాళ్లు ఇండికేటర్లు వేసుకునేవారు. ఆయన తండ్రి ఒకప్పుడు ఒక దొర దగ్గర డ్రైవరు. ఆ దొర హైదరాబాదు నుంచి ఒక అమెరికా కారు తెచ్చుకున్నాడట. దొర పోయాక పిల్లలకు దాన్ని స్టార్టు చేయడం కూడా చేతకాక, "నువ్వే తీస్కపో" అని తాళం డ్రైవరు చేతిలో పెట్టి పట్నం వెళ్లిపోయారట. అలా ఆ కారు ఈ ఇంటికి చేరింది. కంపెనీ పేరు పలకడం ఊళ్లో ఎవరి నాలుకకూ కుదరలేదు కాబట్టి అందరూ దాన్ని రెక్కల కారు అంటారు. రేకుల షెడ్డులో, దుప్పటి కింద, ఏడాదంతా పడుకుని ఉంటుంది. దసరా నాడు మాత్రం బయటికి వస్తుంది. నేనేమో ఏటా పండుగకు పిట్లం పోయేవాడిని కాబట్టి ఆ వేడుక ఎప్పుడూ చూడలేదు.

నాకంటే ముందు సునీతను చూడ్డానికి వచ్చిన ఒక ఇంజనీరు అబ్బాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కారుకు ఆనుకున్నాడట. బెల్టు బకిలు గీసుకుని వెంట్రుకంత గీత పడింది. అతనికి చాయ్ కూడా ఇవ్వకుండా పంపేశారు. ఇంకొకాయన ముచ్చటపడి హారన్ నొక్కాడు. ఆ సంబంధం హారన్ మోగడం ఆగేలోపే ఆగిపోయింది. సునీత నాకు ఇవన్నీ ముందే చెప్పి, "నాన్న మంచోడే. బండి ముట్టకుంటే సాలు" అని ధైర్యం చెప్పింది. ఆ ధైర్యంతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వాళ్లింటికి వెళ్లే ముందు ఫోనులో ఆ కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివాను. పరీక్షలకు ఇలా చదివి ఉంటే నేనివాళ కలెక్టరయ్యేవాడిని.

"ఏం జేస్తుంటవ్?" అన్నారు రాజమల్లు గారు.

"డ్రైవింగ్ నేర్పుతుంట సార్."

"నీకెవలు నేర్పిన్రు?"

ఆ ప్రశ్నకు నేను తడబడుతుంటే సునీత నానమ్మ గంగవ్వ లోపలి నుంచి వచ్చి నన్ను కాపాడింది. "పోలీసోని లెక్క అట్ల అడుగుతవేందిరా పోరన్ని? కూసో బిడ్డా. చాయ్ తాగుతవా?"

"చాయ్ తర్వాతవ్వా. ముందుగాల బండి సూడనియ్యి" అని ఆయన నన్ను షెడ్డులోకి తీసుకుపోయి దుప్పటి లాగారు.

నిజం చెప్పొద్దూ, నా నోరు తెరుచుకుపోయింది. ఆకాశం రంగు. ముందు భాగం దవాఖాన దగ్గరుంటే వెనక భాగం బస్టాండులో ఉండేంత పొడవు. ముందు బంపరుకు తళతళలాడే రెండు పెద్ద ఇనుప గుండ్లు. తెల్ల అంచు టైర్లు. వెనక రెండు వైపులా పైకి లేచిన రెక్కలు, ఒక్కో రెక్క కొసన ఒక్కో ఎర్రదీపం. స్టీరింగు ఎడమవైపు.

"ఏం ఎర్క నీకు దీని గురించి?"

నేను చేతులు కట్టుకుని, కారుకు రెండు గజాల దూరంలో నిలబడి అప్పజెప్పాను. "ఎనకట చేత్తోని హ్యాండిల్ తిప్పి ఇంజను స్టార్టు చేసేటోళ్లు సార్. కరెంటు మోటరుతోని స్టార్టయ్యే కారు ముందుగాల అమ్మింది గీ కంపెనీనే. గీ రెక్కలు యుద్ధంల తిరిగిన ఫైటర్ విమానం తోకను జూసి గీసిన్రట. ఏండ్లు గడిసిన కొద్దీ పెంచుకుంట పోయిన్రు. ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు. క్లచ్ లేదు, గేర్లు అవే పడుతై. డ్యాష్‌బోర్డు మీద గా కన్ను లెక్క ఉన్నది సూడున్రి, రాత్రి ఎదురుంగ బండి వస్తే హెడ్‌లైట్ అదే డిమ్ము జేస్తది."

మీసం కొంచెం కదిలింది. అది నవ్వని సునీత కళ్లతో సైగ చేసింది.

"పెట్రోలు ఏడ పోస్తరో ఎర్కేనా?"

ఫోనులో ఆ సంగతి దాకా రాకముందే నెట్ పోయింది. కారు ఈ పక్క చూశాను, ఆ పక్క చూశాను. మూత లేదు, తలుపు లేదు, నున్నటి రేకు తప్ప ఏమీ లేదు. తెలియదు సార్ అన్న ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడే సుఖంగా ముగిసేది. నేనేమో తెలియని బండి లేని మొనగాణ్ణి కదా.

"ఎర్కే సార్" అన్నాను.

"ఎర్కేనా!" అని ఆయన మొదటిసారి నా మొహంలోకి తేరిపార చూశారు. "బయటూరోళ్లు శానమంది చెప్పలేరు. మంచిది. దసరా నాడు బండి నువ్వే నడుపుతవ్. గుడి కాడ పూజ, ఆడికెల్లి బంకు, ఆడికెల్లి ఇల్లు. బండి ఎట్ల పోయిందో అట్ల రావాలె. వస్తే మాట్లాడుకుందాం. గీత పడ్డదనుకో…"

ఆ వాక్యం ఆయన పూర్తిచేయలేదు. పూర్తిచేసి ఉంటే అంత భయం ఉండేది కాదు. పెట్రోలు సంగతి మాత్రం నేను తేలిగ్గా తీసుకున్నాను. పోసేవాడు బంకువాడు, ఎక్కడ పోయాలో వాడి తలనొప్పి అనుకున్నాను. గేటు దగ్గర సునీత, "బంకు కాడ మస్తు మజా ఉంటది. నాన్న నీకు చెప్పొద్దన్నడు" అని నవ్వింది. పండుగ కదా, జనం ఉంటారు కాబోలు అనుకుని నేనూ నవ్వాను.

దసరా పొద్దున కొత్త బట్టలు వేసుకుని, బెల్టు తీసేసి, ఉంగరం తీసేసి, గడియారం తీసేసి, గీతలు పెట్టగల వస్తువేదీ ఒంటి మీద లేకుండా వెళ్లాను. ప్యాంటు జేబులో ఒక్క గమ్ము ట్యూబు ఉండిపోయింది. నా తెల్ల కారుకున్న ఎల్ బోర్డు వారానికోసారి ఊడిపోయేది, అందుకని ఎప్పుడూ జేబులో పెట్టుకునేవాడిని. ఒక్క చుక్క వేస్తే గేదె కొమ్మును గోడకు అతికించగల గమ్ము అది.

"బంతిపూలు కట్టు. నేను నిమ్మకాయలు, గుమ్మడికాయ తెస్త" అని రాజమల్లు గారు లోపలికి వెళ్లారు.

షెడ్డులో నేనూ కారూ మిగిలాం. ముందు భాగానికి దండ వేశాను. తలుపుల పిడులకు కట్టాను. ఎడమ రెక్కకు దండ చుట్టడానికి వెనక వంగి దారం బిగించాను. నా మోకాలు ఎక్కడో దేనికో తగిలింది.

టక్.

ఎడమ రెక్క కొసనున్న ఎర్రదీపం ఊడి పైకి లేచి నిలబడింది.

చదివేవారు ఒక్క నిమిషం నా స్థితిలో ఉండి చూడండి. అరవై డెబ్బై ఏళ్లుగా ఎవరూ ముట్టని దీపం. దొరకు విరగలేదు, దొర డ్రైవరుకు విరగలేదు, రాజమల్లు గారికి విరగలేదు. నేను ముట్టుకున్న కాసేపటికే విరిగింది. నా గుండె జారి చెప్పుల్లో పడింది. బెల్టు గీతకే చాయ్ ఇవ్వకుండా పంపినవాడు దీపం విరిస్తే ఏం చేస్తాడు? సునీత మొహం కళ్ల ముందు కదిలింది. ఆ మొహం ఇక ఎవరి పక్కన కూర్చుని కారు నడుపుతుందో అనుకుంటే ఏడుపొచ్చింది. విరిగిన చోట లోపల ఏదో గుండ్రటి మూత లాంటిది కనబడింది. అదేమిటో చూసే తీరిక ఎవరికుంది? గబుక్కున అరచేత్తో దీపాన్ని కిందికి నొక్కాను. పడుకుంది. చెయ్యి తీశాను. లేచింది. బంతిపూల దారం సందులో పడి దాన్ని సరిగ్గా మూసుకోనివ్వడం లేదు. దారం లాగితే తెగింది గానీ పూర్తిగా రాలేదు.

లోపలి నుంచి ఆయన దగ్గు వినిపించింది.

అప్పుడే నా జేబులోని గమ్ము గుర్తొచ్చింది. తెలివితేటలు అలాంటి సమయాల్లోనే ఎక్కువగా పనిచేస్తాయి, అదే దరిద్రం. మూత పీకి దీపం అంచు చుట్టూ, ఒక్క సందు వదలకుండా ట్యూబంతా పిండేశాను. దీపాన్ని కిందికి నొక్కి, బొటనవేలితో బిగబట్టి, మనసులోనే హనుమంతుడికి మొక్కాను. గమ్ము పట్టింది. ఎంత బాగా పట్టిందంటే నా బొటనవేలు కూడా పట్టుకుంది.

"ఏం జేస్తున్నవ్?"

రాజమల్లు గారు గుమ్మంలో నిలబడ్డారు, చేతిలో నిమ్మకాయల పళ్లెం.

"పూలు… పూలు కడుతున్న సార్."

"కట్టుడైతే ఇటు రా. నాలుగు టైర్ల కింద పెట్టాలె. పట్టుకో."

వెళ్లాలని నాకూ ఉంది, బొటనవేలికే లేదు. లాగాను. రాలేదు. ఇంకొంచెం లాగితే దీపం కూడా వచ్చేటట్టుంది. చెమట కళ్లలోకి కారింది. ఏం చేయాలో తోచక తల వంచి నుదురు ఆ రెక్కకు ఆనించి కళ్లు మూసుకున్నాను.

"సార్, మీరే పెట్టున్రి. నేను జర బండికి మొక్కుకుంటున్న."

ఆయన గొంతు సవరించుకుని, "బండికి మొక్కే పోరగాన్ని ఇయ్యాలనే సూసిన" అన్నారు మెల్లగా. నిమ్మకాయలు ఆయనే వంగి పెట్టుకున్నారు.

ఇంతలో గంగవ్వ పసుపు కుంకుమ తీసుకుని వచ్చింది. బొట్లు పెట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి వస్తోంది. ఎడమ రెక్క దాకా వచ్చేసరికి ఇక లాభం లేదని పళ్లు బిగించి వేలు గుంజేశాను. వేలు వచ్చింది, తోలు సగం అక్కడే ఉండిపోయింది. కళ్ల నుంచి జలజలా నీళ్లు కారాయి.

"ఓ కొడకా, ఇటు సూడు! బండికి మొక్కుకుంట ఏడుస్తుండు పిలగాడు. ఎంత భక్తిరా వీనికి!" అంది గంగవ్వ.

రాజమల్లు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. సునీత గుమ్మంలో నుంచి అది చూసి మురిసిపోయింది. నేను మాత్రం అతికిన చోట కనబడకుండా బంతిపూల దండను దాని మీదికి జరిపాను. దొంగసొత్తు మీద గడ్డి కప్పినట్టుంది నాకు.

ఆ తర్వాత ఏం చేసినా అదే వరస. గల్లీ మలుపులో నా ఎడమకాలు అలవాటు కొద్దీ లేని క్లచ్‌ను బలంగా తొక్కింది. దానికి దొరికింది బ్రేకు. ఆ బ్రేకు పెడలు పలక అంత వెడల్పు. కారు ఉన్నచోటే నిలిచిపోయింది. వెనక సీట్లో గంగవ్వ "ఓ అవ్వో" అంటూ ముందుకొచ్చి నా మెడ పట్టుకుంది.

"ఏందది?" అన్నారు రాజమల్లు గారు.

"బ్రేకు చెక్ జేసిన సార్."

"జేయాలె. గుడికి పోయేటప్పుడు జరూర్ జేయాలె" అని ఆయన మెచ్చుకున్నారు.

మెచ్చుకున్న కొద్దీ నాకు చెమటలు. ఇంత మంచివాణ్ణని నమ్మాక నిజం తెలిస్తే ఎంత చెడ్డవాణ్ణనుకుంటారు? గుడి దగ్గర టైర్ల కింద మళ్లీ నిమ్మకాయలు పెట్టారు. పూజారి మంత్రం చదువుతుంటే నేను అద్దంలో ఎడమ రెక్కనే చూస్తున్నాను. కారు కదిలి నిమ్మకాయలు చితికిన చప్పుడుకు దీపం ఊడిపడిందేమోనని కేకవేయబోయి ఆపుకున్నాను. గుమ్మడికాయ పగిలినప్పుడు మాత్రం ఆపుకోలేకపోయాను. దిష్టి బాగా తగిలిన మనిషే అలా ఉలిక్కిపడతాడని పూజారి అన్నాడు.

బంకు వైపు బయలుదేరాక పెట్రోలు ముల్లు చూశాను. పూర్తిగా పడుకుని ఉంది.

"సార్, పెట్రోలు…"

"కావాలనే ఖాళీ పెట్టిన" అన్నారాయన మీసం దువ్వుకుంటూ. "బంకు దాకా వస్తది. నువ్వు ఫికర్ జేయకు."

అలాగే వచ్చింది. బంకులోకి తిప్పి పంపు ముందు ఆపగానే ఇంజను గుర్రుమని ఆగిపోయింది. చుట్టూ చూస్తే జాతర. పూలు కట్టిన ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు, ఆటోలు, వాటి మీద ఎక్కి కూర్చున్న జనం, డప్పులు. అందరూ మా కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. నేను మురిసిపోతూ దిగాను. దిగి చూద్దును కదా, ఒక్కరూ కారు ముందుకు రావడం లేదు. ఇంత అందమైన మొహం వదిలేసి, ఇనుప గుండ్లు వదిలేసి, ఊరు ఊరంతా కారు వెనక చేరుతోంది. అదీ ఎడమ రెక్క చుట్టూ. పిల్లలను భుజాలకెత్తుకుని మరీ ఆ దీపాన్నే చూపిస్తున్నారు. వీళ్లందరికీ నా సంగతి ఎవరు చెప్పారు?

రాజమల్లు గారు చెయ్యెత్తారు. డప్పులు ఆగాయి.

"ఏటా దసరాకు నేనే తెరుస్తుంటి" అన్నారు గట్టిగా. "ఇయ్యాల గీ పిలగాడు తెరుస్తడు. పేరు సంతోషు. బండిని మొక్కి నడిపెటోడు. నా బిడ్డ సునీతను గీ పిలగానికే ఇయ్యాలనుకుంటున్న."

చప్పట్లు, ఈలలు, డప్పులు. ఒక్క క్షణం నా అంత అదృష్టవంతుడు లేడనిపించింది. మరుక్షణం బుర్ర పనిచేసింది. ఇంతకూ నేను తెరవాల్సింది ఏమిటి?

పక్కనే ఉన్న సునీత చెవిలో అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"గదేంది? ఎర్కే అన్నవ్ గద నాన్నతోని! ఎడమ లైటు. కిందున్న ఎర్ర బిళ్ల నొక్కితే లైటు పైకి లేస్తది. పెట్రోలు మూత లైటు లోపట్నే ఉంటది. గది సూడనీకే గద గింత మంది వచ్చిన్రు."

నా చెవుల్లో డప్పులు ఆగిపోయాయి. పొద్దున దీపం విరగలేదు. లేచింది. లేవడమే దాని పని. అమెరికావాడు ఎంతో ముచ్చటపడి పెట్రోలు మూతను ఎవరికీ కనబడకుండా దీపం కింద దాచాడు. నేను ఇంకెప్పటికీ ఎవరికీ కనబడకుండా అతికించాను.

వెళ్లి ఎర్ర బిళ్ల నొక్కాను. ఏమీ లేదు. బలంగా నొక్కాను. దీపం బండరాయిలా కూర్చుంది. పంపు దగ్గరి యాదగిరి పైపు పట్టుకుని, "అన్నా, జల్ది. ఎనక ట్రాక్టర్లు ఆగినై" అన్నాడు.

"ఇయ్యాల పండుగ గద, జర మొండికేస్తుంది" అన్నాను.

"గుద్దు అన్నా!" అని ఒకడు, "స్క్రూడ్రైవర్ పెట్టి లేపు!" అని ఇంకొకడు అరిచారు.

"స్క్రూడ్రైవర్ అన్నోడెవడ్రా?" అని రాజమల్లు గారు వెనక్కి తిరిగితే ట్రాక్టర్ల ఇంజన్లతో సహా అంతా నిశ్శబ్దమైపోయింది.

ఆయనే వచ్చి నొక్కారు. లేవలేదు. ఇంకోసారి నొక్కారు. ఆ పెద్ద మొహంలో మొదటిసారి భయం చూశాను. తండ్రి వదిలివెళ్లిన బండికి ఏమైందోనన్న భయం అది. అది చూశాక నా భయం నాకు సిగ్గుగా అనిపించింది. ఆయన దండ పక్కకు జరిపి, జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని వంగారు. దీపం అంచున గట్టిపడ్డ గమ్ము. గమ్ములో ఒక బంతిపువ్వు రెక్క. దాని పక్కన, రిజిస్ట్రీ ఆఫీసులో కూడా అంత స్పష్టంగా పడదు, గీతలతో సహా ఒక వేలిముద్ర.

ఆయన ముద్ర చూశారు. నన్ను చూశారు.

"ఏదీ, నీ చెయ్యి."

చూపించాను. తోలు ఊడిన బొటనవేలు ఎర్రగా నిగనిగలాడింది. ముద్ర పక్కన పెట్టి చూశారు. సరిపోయింది.

"ఇరిగిందనుకున్న సార్" అన్నాను. "పూలు కడుతుంటే లేసింది. ఇరిగిందనుకుని అతికిచ్చిన."

"నాకు చెప్పొద్దా?"

"భయమైంది సార్."

"నేనంటెనా?"

"మీరంటె గూడ భయమే సార్. అంతకన్న సునీత నాకు దక్కదేమోనని భయమైంది. పెట్రోలు ఏడ పోస్తరో గూడ నాకు ఎర్కలేదు సార్. ఆ దినం అబద్ధం చెప్పిన."

యాదగిరి పైపు కింద పెట్టేశాడు. అప్పుడు గంగవ్వకు సంగతి అర్థమైంది. "అంటే పొద్దుగాల ఏడ్సింది భక్తితోని గాదా? ఏలు పీక్కోని ఏడ్సినవా బిడ్డా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు జనంలో పడి బంకంతా పాకింది. రాజమల్లు గారు మాత్రం నవ్వలేదు.

సునీత ఎప్పుడు వెళ్లిందో, ఎదురుగా ఉన్న గాజుల దుకాణం నుంచి పరుగున వచ్చింది. చేతిలో గోళ్ల రంగు తుడిచే మందు సీసా, దూది. "గీ గమ్ము నా ఏళ్లకు గూడ అంటుకున్నది ఒక్కసారి. దీనితోనే పోయింది" అని కారు రంగుకు తగలకుండా, అంచు వెంబడి ఒక్కొక్క చుక్క అద్దుతూ కూర్చుంది. నేను హనుమంతుడికి పొద్దున్నే మొక్కి ఉన్నాను కాబట్టి మిగతా దేవుళ్లందరికీ మొక్కాను. తుడుస్తూ తుడుస్తూ వేలిముద్ర దాకా వచ్చేసరికి రాజమల్లు గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"గది తుడువకు. పక్కకెల్లి తియ్యి."

నాకు ప్రాణం పోయింది. సాక్ష్యం దాచుకుంటున్నారు, పోలీసుస్టేషనుకే అనుకున్నాను.

టక్.

దీపం లేచింది. లోపల గుండ్రటి మూత, పొద్దున నేను చూసిన మూతే, తళుక్కుమంది. ఏ దసరాకూ అన్ని చప్పట్లు పడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. యాదగిరి పెట్రోలు పోశాడు. డప్పులు అందుకున్నాయి. నేను మాత్రం తాళంచెవి రెండు చేతులతో రాజమల్లు గారికి అందించాను.

"సార్, నేను పోయొస్త."

"ఏడికి?"

"పిట్లం బస్సున్నది సార్."

ఆయన తాళంచెవి తీసుకోలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, జేబులో పెట్టుకున్నారు.

"పిట్లం ఎట్ల పోతవ్?" అన్నారు. "ఎవలన్న ఏలిముద్ర ఏసినంక ఎనుకకు పోతరా? గింత మంది సాక్షుల ముంగట ముద్ర పడ్డది. ఇగ బండీ నీ మెడకే, బిడ్డా నీ మెడకే. పా, ఇంటికి నడుపు. క్లచ్ లేదు, యాదుంచుకో."

అంటే గల్లీ మలుపులో బ్రేకు సంగతి కూడా ఆయనకు అప్పుడే తెలుసు.

ఇది జరిగి ఏళ్లయింది. సునీత, నేను, రెక్కల కారు, ముగ్గురం క్షేమం. ఎడమ దీపం అంచున నా వేలిముద్ర ఇప్పటికీ అలాగే ఉంది. మామ దుమ్ము దులిపేటప్పుడు కూడా దాన్ని వదిలేసి తుడుస్తాడు. ఇంటికి కొత్త చుట్టం ఎవరొచ్చినా షెడ్డులోకి తీసుకుపోయి, ఇంజను కంటే ముందు, రెక్కల కంటే ముందు దాన్నే చూపిస్తాడు.

కాబట్టి పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ గమ్ము ట్యూబు జేబులో పెట్టుకోను. నా ఎల్ బోర్డును ఇప్పుడు సుతిలి తాడుతో కడుతున్నాను. ఊడిందని తోచిన వస్తువును యజమానికి చెప్పకుండా అతికించను. తెలియని బండి లేదని టీకొట్టు దగ్గర బల్ల గుద్దను. మొన్న దసరాకు బంకు దగ్గర, జనం అంతా వెనక చేరాక, మామ అలవాటు ప్రకారం గట్టిగా అడిగాడు: "ఏం అల్లుడా, పెట్రోలు ఏడ పోస్తరో ఎర్కేనా?"

నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఊరందరికీ వినబడేలా చెప్పాను.

"ఎర్కలేదు మామా."